డీఫ్రాగ్ పెట్టిన రాత్రులు

ఆ దుకాణంలో నాకు మొట్టమొదట అప్పజెప్పిన పని, రాత్రి తలుపు మూసే ముందు బల్ల మీదున్న మిషన్లన్నిటికీ డీఫ్రాగ్ పెట్టడం. 2003 అక్టోబరు మాట. ఐర్లండ్‌లోని కార్లో అనే ఊళ్లో టల్లో స్ట్రీట్ పక్క సందులో చిన్న కొట్టు అది. ముందు గదిలో ప్రింటరు ఇంకులు, మౌసులు, కేబుళ్లు అమ్మేవాళ్లు. వెనక గదిలో కంప్యూటర్లు బాగుచేసేవాళ్లం. నేను ఐటీ కార్లో అనే కాలేజీలో చదువుకి వచ్చి అప్పటికి నెల దాటింది. స్టూడెంటు వీసా మీద వారానికి 20 గంటలు పనిచేసుకోవచ్చు. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గర నాలుగేళ్లు స్క్రూడ్రైవరు పట్టినవాణ్నని చెప్పాను. యజమాని ఇంకేమీ అడగలేదు. బల్ల మీదున్న మిషనొకటి ఆన్ చేసి, దీనికేమైందో చెప్పమన్నాడు. మానిటరు వంక చూడకుండా డబ్బాకి చెవి ఆనించాను. టిక్కు, కాసేపు నిశ్శబ్దం, మళ్లీ టిక్కు. "డిస్కు పోతోంది, ముందు ఫైళ్లు బయటికి లాగాలి" అన్నాను. "సోమవారం వచ్చెయ్" అన్నాడు. అంత చిన్న ఇంటర్వ్యూ నాకు మళ్లీ జరగలేదు.

డీఫ్రాగ్ అంటే ఏమిటో ఇప్పుడు విడమరిచి చెప్పాల్సిన రోజులొచ్చాయి. మొన్న ఇక్కడ చదువుకుంటున్న మన కుర్రాడొకడు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి "స్లో అయింది అన్నా" అంటే, నోటి అలవాటు కొద్దీ "డీఫ్రాగ్ పెట్టి ఎన్నాళ్లైంది?" అనేశాను. ఏదో మాత్ర పేరు విన్నట్టు చూశాడు. వాడి తప్పు లేదు. నేను చదివిన ఐటీ కార్లో అన్న పేరే ఇప్పుడు లేదు. 2022 మేలో దాన్ని వాటర్‌ఫర్డ్ కాలేజీతో కలిపి సౌత్ ఈస్ట్ టెక్నలాజికల్ యూనివర్సిటీ చేశారు.

మా తాతకి సూర్యాపేట దగ్గర నాలుగెకరాలుండేవి. అనడానికి నాలుగెకరాలే గాని ఒక్కచోట ఉంటేనా! చెరువు కింద 30 గుంటలు, వాగొడ్డున 20 గుంటలు, ఊరవతల ఎకరం చెలక, గుట్ట పక్కన ఎకరం 30 గుంటలు. పొద్దున్నే అరక కట్టుకుని బయల్దేరితే దున్నిన సేపుకన్నా ఈ చెక్క నుంచి ఆ చెక్కకి ఎడ్లని తోలుకుపోయిన సేపే ఎక్కువ. అన్నదమ్ముల పంపకాల్లో ఎక్కడ ఏది మిగిలితే అది తాత పేర రాశారు మరి. హార్డ్ డిస్కులో ఫైళ్ల సంగతీ అచ్చం ఇదే. డిస్కు నిండా చిన్న చిన్న గడులుంటాయి. క్లస్టర్లంటారు. ఫ్యాట్32 పద్ధతిలో 8 జీబీ లోపు డిస్కులో ఒక్కో గడి 4 కేబీ. ఫైలు రాసేటప్పుడు ఖాళీ గడి ఎక్కడుంటే అక్కడ పడుతుంది. నిన్న చెరిపేసిన పాట వదిలిన సందులో ఇవాళ్టి ఉత్తరం సగం, తక్కిన సగం డిస్కు అటు చివర. ఏ గడి తర్వాత ఏ గడో రాసిపెట్టుకునే పట్టీ ఒకటుంటుంది, పట్వారీ దగ్గర పహాణీలాగా. దాన్ని చూసుకుంటూ హెడ్డు ఆ మూలకీ ఈ మూలకీ పరిగెత్తాలి. నిమిషానికి 5400 చుట్లు తిరిగే డిస్కు ఒక్క చుట్టుకి 11 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. హెడ్డు జరగడానికో పది, గడి తిరిగి కిందికి వచ్చేదాకా సగటున అయిదారు. అంటే ముక్కకి పదిహేను మిల్లీసెకన్లు దండగ. రెండొందల ముక్కలైన ఫైలు తెరవాలంటే ఊరికే మూడు సెకన్లు ఎడ్లని తోలడానికే పోతాయి.

ఈ ముక్కలన్నీ ఏరి ఫైలుకొక వరసగా పేర్చడమే డీఫ్రాగ్. మన ప్రభుత్వాల భాషలో కమతాల ఏకీకరణ. ఊళ్లో అది చేయబోతే కోర్టు కేసులు పడతాయి, తలలు పగులుతాయి. డిస్కులో ఒక్క రాత్రిలో అయిపోయేది. ఈ పోలిక నేను యజమానికి చెబితే ఆయన నవ్వి, వాళ్ల అమ్మమ్మది మేయో అనీ, పడమటి ఐర్లండ్‌లో కూడా పొలాలు ఇలాగే చెక్కలుగా ఊరందరికీ కలగాపులగంగా ఉండేవనీ, దాన్ని రన్‌డేల్ అనేవారనీ చెప్పాడు. 1891లో పెట్టిన కంజెస్టెడ్ డిస్ట్రిక్ట్స్ బోర్డు ఆ చెక్కల్ని కలిపి ఎవరి పట్టీ వాళ్లకి చేయడానికి చాలా ఏళ్లు తంటాలు పడింది. "మావాళ్లు ఇంకా ఆ గట్టు గొడవ మర్చిపోలేదు" అన్నాడు. నాకు సూర్యాపేటలో ఉన్నట్టే అనిపించింది.

డీఫ్రాగ్ నాకు పరిచయమైంది మాత్రం హైదరాబాదులో. 1993లో ఎంఎస్-డాస్ 6తో మైక్రోసాఫ్ట్ దీన్ని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. సొంతంగా రాసింది కాదు, సిమాంటెక్ నుంచి, అంటే నార్టన్ వాళ్ల స్పీడ్ డిస్క్ నుంచి తీసుకున్నది. నేను రంగంలోకి దిగేనాటికి అంతా విండోస్ 98. అందులో డీఫ్రాగ్ పెట్టి డీటెయిల్స్ నొక్కితే తెర నిండా రంగురంగుల గడులు. ఒక గడి వెలుగుతుంది, ఆరుతుంది, ఇంకెక్కడో ఇంకోటి నిండుతుంది. మా షాపులో కుర్రాళ్లం టీ గ్లాసులు పట్టుకుని దాన్ని క్రికెట్ మ్యాచ్ చూసినట్టు చూసేవాళ్లం. పదిశాతం దగ్గర ఆగిపోవడం దాని జన్మహక్కు. వెనకాల ఏ ప్రోగ్రామైనా డిస్కు మీద ఒక్క అక్షరం రాసిందంటే మళ్లీ మొదటికొచ్చేది. ముఖ్యంగా స్క్రీన్ సేవరు. నాలుగు గంటల పని మూడో గంటలో సున్నాకి రావడం చూసినవాడికి ఓర్పు గురించి వేరే పాఠం అక్కర్లేదు. అందుకే ఎఫ్8 నొక్కి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి పెట్టేవాళ్లం. అక్కడ ఇంకెవరూ అడ్డు రారు.

మా ఖాతాదారుల్లో సగం డీటీపీ సెంటర్లే. చిక్కడపల్లిలో పెళ్లిపత్రికలు చేసే సెంటరొకటి మాఘమాసం వచ్చిందంటే రోజుకి రెండుసార్లు ఫోన్ చేసేది. పేజ్‌మేకర్‌లో సేవ్ కొట్టినకొద్దీ ఫైలు ఉబ్బుతుంది. పేరు మార్చి సేవ్ యాజ్ కొడితే గాని సన్నబడదు. ముహూర్తాల సీజన్లో ఒక్కో పత్రికని పదిహేనుసార్లు మారుస్తారు. చిన్నాన్న పేరు వదిలేశారని ఒకసారి, ఆయన పేరు పెద్దక్షరాల్లో లేదని ఇంకోసారి. నెల తిరిగేసరికి 4.3 జీబీ డిస్కు చిందరవందర. ఆ ఆపరేటరు "అన్నా, జర డీఫ్రాగ్ పెట్టిపో, మౌసు కదిలిస్తే మనిషి వచ్చి చెప్పినంక కదులుతున్నది" అనేవాడు.

అలా పెట్టిన ఓ సాయంత్రం కరెంటు పోయింది. యూపీఎస్ పీపీమంటూ పది నిమిషాలు అరిచి చల్లబడింది. కరెంటొచ్చాక స్కాన్‌డిస్క్ నీలం తెర మీద నెమ్మదిగా పాకి, దిక్కులేని ముక్కలు దొరికాయి, వాటిని ఫైళ్లుగా దాచమంటావా అని అడిగింది. దాచమన్నాం. సి డ్రైవులో ఫైల్0000.సీహెచ్‌కే, ఫైల్0001.సీహెచ్‌కే అంటూ పాతిక ఫైళ్లు తేలాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చెత్త చెదారం మధ్యలో అక్కడక్కడా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపులు. మేం తల పట్టుకుంటే ఆపరేటరు ఒక గుంపుని కాపీ చేసి పేజ్‌మేకర్‌లో వేసి అను ఫాంటు తగిలించాడు. గుంపు కాస్తా తెలుగైంది. ఒక ముక్కలో వరుడి పేరు, ఇంకో ముక్కలో వేరే పెళ్లి వధువు ఇంటిపేరు, మరోదాంట్లో "శుభ" వరకే. రాత్రి రెండింటిదాకా కూర్చుని ఆరు పెళ్లిళ్లని ఎవరివి వాళ్లకి జతచేశాం. పొరపాటున ఎవరినైనా మార్చి కట్టబెట్టామేమోనని మర్నాడు రెండుసార్లు ప్రూఫు చూశాడతను.

కార్లోకి వచ్చిన మొదటి వారం కోట చూసినప్పుడు నాకు ఆ సాయంత్రమే గుర్తొచ్చింది. పదమూడో శతాబ్దపు కోట. 1814లో మిడిల్టన్ అనే డాక్టరు దాన్ని పిచ్చాసుపత్రిగా మార్చాలనుకున్నాడు. గోడలు మరీ మందంగా ఉన్నాయి, కాస్త పలచన చేద్దామని మందుగుండు పెట్టాడు. ఇప్పుడు రెండు బురుజులు, వాటి మధ్య ఒక గోడ మిగిలాయి. సర్దబోయి పని మధ్యలో చెడిపోతే ఏమవుతుందో చూపడానికి బారో నది పక్కన నిలబెట్టినట్టుంటుంది.

ఇక్కడ కరెంటు అలా మాటిమాటికీ పోదు. హైదరాబాదు నుంచి వచ్చినవాడికి అది ఎంత పెద్ద విషయమో ఆ యజమానికి అర్థం కాలేదు. మొదటి రాత్రి ఆరు మిషన్లకి డీఫ్రాగ్ పెట్టి, కోటు వేసుకుని కూడా నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. యూపీఎస్ లేదు, కాపలా లేదు. "పద, అవి చూసుకుంటాయి, గ్రాండ్" అన్నాడు. ఈ దేశంలో అన్నిటికీ గ్రాండే. తలుపు వేస్తుంటే లోపలి నుంచి ఆరు డిస్కుల చప్పుడు, ఎలుకలు వేరుశనక్కాయలు ఒలుస్తున్నట్టు. బయట గాలినిండా చక్కెర దుంప ఉడుకుతున్న వాసన.

ఆ వాసన గురించి చెప్పకుండా ఆనాటి కార్లో గురించి చెప్పలేను. ఊరి ఉత్తరాన చక్కెర ఫ్యాక్టరీ ఉండేది. స్వతంత్ర ఐర్లండ్‌లో మొట్టమొదటిది, 1926లో తెరిచారు. శరదృతువులో దుంప తవ్వకం మొదలైతే సంక్రాంతి దాటేదాకా ఫ్యాక్టరీ రాత్రింబగళ్లు నడిచేది. ఆ కాలాన్ని ఇక్కడివాళ్లు "క్యాంపెయిన్" అనేవాళ్లు, మనం సీజను అన్నట్టు. ట్రాక్టర్లు, లారీలు మట్టి కారుతూ వరసకట్టేవి. బెల్లం వండే చోట నిలబడ్డ తీపి కాదు అది. తీపి కింద తడిమట్టి, దానికింద ఉడికిన కూర, ఇంకా కిందికెళ్తే ముక్కు మూసుకోవాల్సిందేదో. పుట్టి పెరిగినవాళ్లు అదే పండగ వాసనన్నట్టు పీల్చేవాళ్లు. నాకు మూడు వారాలు పట్టింది.

2004 నవంబరులో టల్లో వైపు నుంచి ఒక రైతు మిషను తెచ్చాడు. ఫ్యాక్టరీలో లోడు దింపేసి, తిరిగి వెళ్తూ దారిలో ఆగాడు. బూట్ల నిండా మట్టి. విండోస్ ఎక్స్‌పీ, డిస్కు నూటికి తొంభై నాలుగు నిండిపోయింది. పిల్లల ఆటలు, పాటలు, వాటి మధ్యలో ఎక్కడో దూడల లెక్కలు, దుంపల లెక్కలు. ఎక్స్‌పీ డీఫ్రాగ్‌కి పదిహేను శాతం ఖాళీ ఉండాలి, లేకపోతే సణుగుతుంది. ముందు ఆటలు తీసేసి మొదలుపెట్టాను. ఎక్స్‌పీలో గడులు పోయి నిలువు గీతలొచ్చాయి. ముక్కలైన ఫైళ్లు ఎరుపు, వరసగా ఉన్నవి నీలం, ఖాళీ తెలుపు, కదల్చలేనివి ఆకుపచ్చ. పైన సర్దకముందు పట్టీ, కింద సర్దుతున్న పట్టీ. బయట వాన. ఆయన వెళ్లలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, తెరకేసి చూస్తూ టీ తాగాడు. అరగంటకి ఒక మాట.

"ఆ ఎర్రవన్నీ?"

"ముక్కలైనవి. నీలంగా మారతాయి."

"ఆ పచ్చది?"

"అది కదలదు. సిస్టంది. దాని చుట్టూ సర్దుకోవాల్సిందే."

చాలాసేపు చూశాడు. "మా నాన్నన్నమాట" అన్నాడు.

నాకు మా తాత గుర్తొచ్చి నవ్వొచ్చింది. చెలక అమ్మి చెరువు కింద కొనుక్కుందామని మా నాన్న ఇరవయ్యేళ్లు బతిమాలాడు. మా పచ్చగీత చివరిదాకా కదల్లేదు.

నిజం ఒప్పుకోవాలి. డీఫ్రాగ్ వల్ల అంత లాభముండేదా? చిక్కడపల్లి డీటీపీ మిషనుకి ఉండేది. ఈ రైతు మిషనుకి కొంత. చాలా ఇళ్ల కంప్యూటర్లకి ఇంకో 128 ఎంబీ ర్యామ్ వేస్తే వచ్చే తేడాలో పావు వంతు కూడా దీంతో వచ్చేది కాదు. తెలిసీ పెట్టేవాళ్లం. ఖాతాదారుకి పని జరిగినట్టు కనపడేది అదొక్కటే. ర్యామ్ వేస్తే డబ్బా లోపల ఏముందో వాళ్లు చూడరు. వైరస్ తీస్తే తీశామో లేదో తెలియదు. ఎర్రగీతలు నీలమవడం మాత్రం ఎనభయ్యేళ్ల అవ్వకి కూడా అర్థమయ్యేది. ఒకావిడ ప్రతి రెండు నెలలకీ, తలంటుకి పిల్లని తెచ్చినట్టు, దుప్పట్లో చుట్టి మిషను తెచ్చేది. అందులో ముక్కలయ్యేటన్ని ఫైళ్లు లేవు. మిషను బాగుపడటంకన్నా, మా హీటరు పక్కన కూర్చుని ఆస్ట్రేలియాలో ఉన్న కొడుకు కబుర్లు చెప్పే గంటే ఆవిడకి ముఖ్యమని యజమానికి తెలుసు. బిల్లులో సగమే తీసుకునేవాడు.

నాకు మాత్రం దాని లాభం చెవిలో ఉండేది. డీఫ్రాగ్ పెడితే హెడ్డు డిస్కులో చాలా చోట్లకి తిరగాల్సి వస్తుంది. ఆ దారిలో జబ్బుంటే బయటపడుతుంది. ఆరోగ్యంగా ఉన్నది కర్ కర్ మని ఒకే లయలో పోతుంది. చెడ్డ చోటు తగిలితే తడబడి, అదే చోట నాలుగైదుసార్లు గీకి ముందుకెళ్తుంది. చీకటి గదిలో ఆరు మిషన్లుంటే ఏ మిషనులో ఎన్నో గంటలో తడబాటు వచ్చిందో కళ్లు మూసుకుని చెప్పగలిగేవాణ్ని. ఇప్పుడీ విద్య ఎక్కడా పనికిరాదు, మా అమ్మమ్మ తిరగలి చప్పుడు విని పిండి ఎంత మెత్తగా వచ్చిందో చెప్పినట్టు.

ఐర్లండుకీ ఈ డిస్కులకీ బంధుత్వం లేకపోలేదు. కార్లోకి నైరుతిగా క్లోన్‌మెల్‌లో 1990ల నడుమ సీగేట్ హార్డ్ డిస్కులు తయారుచేసేది. 1997 చివర మూసేస్తున్నట్టు చెప్పారు, పద్నాలుగు వందల ఉద్యోగాలు పోయాయి. ఉత్తరాన డెర్రీలో మాత్రం ఆ డిస్కుల రీడ్-రైట్ హెడ్లు ఇప్పటికీ చేస్తున్నారు. నేను విన్న కర్ కర్‌లలో కొన్నయినా ఈ దీవిలో పుట్టినవే అయ్యుంటాయి.

తర్వాతివన్నీ చకచకా జరిగాయి. 2005 జనవరిలో చక్కెర ఫ్యాక్టరీ మూసేస్తున్నట్టు ప్రకటించారు, మార్చికల్లా తలుపులు పడ్డాయి. ఆ ఏడు దుంపలు మాలో అనే ఊరి ఫ్యాక్టరీకి పోయాయి. మరుసటేడు అదీ పోయింది. అక్టోబరు వచ్చినా ఊరిగాలి ఊరికే ఉంది. మొదట్లో తిట్టుకున్నవాడినే, సందు మలుపులో ఆగి ముక్కు ఎగబీల్చేవాణ్ని. 2007లో విస్టా వచ్చింది. డీఫ్రాగ్ తెరిస్తే గీతల్లేవు, గడుల్లేవు. కొన్ని నిమిషాల నుంచి కొన్ని గంటలు పట్టొచ్చు అని ఒక్క ముక్క, పక్కన తిరిగే చక్రం. ఆ పనిక మనం పెట్టేదీ కాదు. బుధవారం రాత్రి ఒంటిగంటకి దానంతటదే చేసుకుంటుందట. దుప్పట్లో చుట్టి తెచ్చే అవ్వకి ఆ చక్రం చూపించాను. "ఇందులో చూడ్డానికేముంది?" అంది. మళ్లీ ఆ పనికి రాలేదు.

ఆ తర్వాత ఎస్ఎస్‌డీలు. వాటిలో తిరిగే పళ్లెమే లేదు, పరిగెత్తే హెడ్డు లేదు. ముక్క ఏ మూలనున్నా దాదాపు ఒకే సమయంలో చేతికొస్తుంది. వాటికి డీఫ్రాగ్ పెడితే లాభం లేకపోగా నష్టం. ఒక్కో గడి ఇన్నిసార్లే రాయించుకుంటుంది, ఊరికే జరిపితే ఆయుష్షు తరుగుతుంది. విండోస్ 7 వాటిని డీఫ్రాగ్ జాబితాలోంచి తప్పించింది. విండోస్ 8లో ఆ పేరే మార్చి ఆప్టిమైజ్ అన్నారు. మా కొట్టు 2011లో మూసేశాం. ఆఖరి రోజు వెనక గదిలో మిగిలిన పాత మిషనొకటి యజమాని నాకిచ్చాడు. గ్యారేజీలో ఉంది. ఏడాదికోసారి ఆన్ చేస్తాను, ఏ పనీ లేకపోయినా.

పోయినేడు హేమార్కెట్ దగ్గర ఆ దుంపల రైతు కనిపించాడు. జుట్టంతా నెరిసింది. దుంప మానేసి బార్లీ వేస్తున్నాడట. నన్ను చూసి వేలు ఊపుతూ, పేరు గుర్తురాక, "పచ్చగీత!" అన్నాడు. నాన్నగారెలా ఉన్నారని అడిగాను.

"కదిలాడు" అన్నాడు. "తొమ్మిదేళ్లైంది."

ఏమనాలో తెలియక ఇద్దరం కాసేపు నది వైపు చూశాం. తర్వాత జేబులోంచి ఫోను తీసి నా చేతిలో పెట్టాడు. ఈ మధ్య బాగా స్లో అయిందట, ఒకసారి చూడమన్నాడు. చెవి దగ్గర పెట్టుకున్నాను. అలవాటు.